అంబారీ ఏనుగు వెనకాల పన్నెండు ట్యాంకులు

మా ఇంట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. పై మెట్టు మీద సీతారాములు, ఆ కింద దశావతారాలు, అట్టడుగున కొండపల్లి బొమ్మలు. పోయిన ఏడు పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు అడుగు మెట్టు చూసి ముక్కున వేలేసుకున్నారు. కొండపల్లి అంబారీ ఏనుగు వెనకాల పన్నెండు షెర్మన్ ట్యాంకులు బారులు తీరి ఉన్నాయి. "ఇదేం చోద్యమండీ, కొలువులో యుద్ధమా?" అన్నారు. మా ఆవిడ నా వంక చూసింది. నేను మా అబ్బాయి వంక చూశాను.

మా వాడు హైస్కూల్లో చదువుతున్నాడు. వాడికి పట్టిన పిచ్చి పేరు వార్ గేమింగ్. బల్ల మీద కొండలూ ఏళ్ళూ అమర్చి, వేలెడంత సైన్యాలతో పాచికలేసి పాత యుద్ధాలను మళ్ళీ ఆడతారు. చిన్నపిల్లల ఆట అనుకునేరు! హెచ్.జి.వెల్స్ 1913లోనే దీని మీద ఓ పుస్తకం రాశాడు. పెన్సిల్వేనియాలో జరిగే హిస్టారికాన్ సభలో నాలాంటి బట్టతల వాళ్ళే ఎక్కువ. వాడు ఆడే కొలతలో మనిషి 15 మిల్లీమీటర్లు, ట్యాంకు ఆరు సెంటీమీటర్లు.

మొదట వాడు జర్మన్ టైగర్ ట్యాంకులు కొంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. "ఆటే కదా నాన్నా" అన్నాడు. ఆటే గాని, ఆరు నెలలు మన బల్ల మీద కూర్చుని నువ్వు రంగులద్దేది హిట్లర్ సైన్యానికి అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు వాడే వచ్చి, "మనవాళ్ళకి ట్యాంకులుండేవా?" అని అడిగాడు. నాకూ తెలియదు. ఇద్దరం లైబ్రరీకి పోయాం.

దొరికింది! డెక్కన్ హార్స్. 1790లో నిజాం కొలువులో పుట్టిన గుర్రపు దళం. 1945లో ఇది షెర్మన్ ట్యాంకులతో, 255వ భారత ట్యాంకు బ్రిగేడులో భాగంగా, బర్మాలో మిక్తిలా మీదికి పోయింది. పేరులో దక్కన్ ఉందని మరీ పొంగిపోనక్కర్లేదు, అప్పటికి అందులోని జవాన్లు ఎక్కువగా ఉత్తరాది వాళ్ళే. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్నది మద్రాసు శాపర్లలో. ఇంకో తమాషా. ఆ రకం షెర్మన్లు తయారైంది ఇక్కడే, డెట్రాయిట్ పక్కన క్రైస్లర్ వాళ్ళ ఫ్యాక్టరీలో. ఐదు కారు ఇంజన్లను ఒకటిగా బిగించి, 30 సిలిండర్లతో నడిపించారు. డెట్రాయిట్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే మన మిత్రులకు ఇది చెబితే నమ్మలేదు.

బర్మా పేరు వినగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. రంగూన్ రేవులో పనిచేసిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలనేవారు, మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తరవాత నెలల్లో సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. దారిలో పోయినవాళ్ళకు సరైన లెక్కే లేదు. మా అమ్మమ్మ మాండలే మీదుగా మణిపురం దాకా నడిచిందట. పెద్ద కొడుకు ఆ దారిలోనే పోయాడు. ఆమె ఆ మాట ఒక్కసారే చెప్పింది.

ఇక రంగుల పని. బొమ్మలను సబ్బునీళ్ళలో కడగాలి, లేకపోతే అచ్చులోని జిడ్డుకి రంగు పట్టదు. ఆరాక ప్రైమరు, దాని మీద ముదురాకుపచ్చ. తరవాత నీళ్ళలా పలచన చేసిన నల్లటి రంగు పూస్తే సందుల్లోకి దిగి నీడలా నిలబడుతుంది. ఆఖర్న కుంచెను కాగితానికి దాదాపు పొడిగా అయ్యేదాకా తుడిచి, అంచుల మీద తేలిగ్గా ఆడించాలి. అప్పుడు ఇనుము మెరుస్తుంది. పొణికి కర్ర ముక్కలను చింతగింజల మక్కుతో అతికి రంగులు వేసే కొండపల్లి వాళ్ళు చూస్తే, ఇందులో కొత్తేముంది అంటారేమో. టరెట్ మీద తెల్ల నక్షత్రం నిలబెట్టడానికి నాకే మూడు రాత్రులు పట్టింది. నా చేతులు వణుకుతాయి, వాడివి వణకవు.

బర్మా అనగానే అడవి అనుకుని వాడు చక్రాలకు బురద పూశాడు. తప్పు. మిక్తిలా ఉన్నది నడి బర్మా మెట్ట ప్రాంతంలో. ఫిబ్రవరి, మార్చిల్లో అక్కడ బురద ఉండదు, దుమ్ము ఉంటుంది. తాటిచెట్లుంటాయి, మన పల్నాడులాగే. బురదంతా గీకి, పసుపు కలిసిన మట్టిరంగు అద్దాం. అప్పుడు ట్యాంకులకు ప్రాణం వచ్చింది.

మధ్యలో వాడొక ప్రశ్న అడిగాడు. "అవతల పక్క కూడా ఇండియన్లున్నారు కదా?" ఉన్నారు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు అదే సమయంలో పోపా కొండ దగ్గర జపాన్ వైపున పోరాడుతోంది. మరి మనవాళ్ళెవరు? నేను రెండు పక్కలా మనవాళ్ళే అన్నాను. వాడికి ఆ జవాబు చాలలేదు. నిజానికి నాకూ చాలలేదు.

టోర్నమెంటులో మూడు ఆటలు, ఒక గెలుపు, రెండు ఓటములు. జపాన్ సైన్యంతో వచ్చిన ఒక పెద్దాయన మా వాడి ట్యాంకులు నాలుగింటిని తినేశాడు. మిక్తిలాలో జపాన్ సైనికులు గుంటల్లో విమానం బాంబు ఒళ్ళో పెట్టుకుని, ట్యాంకు పైకొచ్చాక పేల్చడానికి కూర్చున్నారు. అది చరిత్రే. ఆయన అదే ఎత్తు వేశాడు. ఆట అయ్యాక మా వాడి తాటిచెట్లను చూసి, ఇవి ఎలా చేశావని అరగంట కూర్చుని అడిగాడు.

కొలువులో ఏనుగు ఎందుకంటారా? 1945 మార్చి 29న తీసిన ఫొటో ఒకటుంది. మిక్తిలా దారిలో డెక్కన్ హార్స్ ట్యాంకులకు ఒక ఏనుగు ఎదురైంది. ఆ ఫొటో పక్కన పెట్టుకుని మా వాడు బొమ్మలు సర్దాడు. కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ కాసేపు చూసి, "ఈ దారేనా మా అమ్మ నడిచింది?" అంది. మ్యాపు తెచ్చి చూపించాడు. అమ్మ లోపలికెళ్ళి, కొండపల్లి బొమ్మల్లోంచి నెత్తిన బుట్ట ఉన్న ఆడమనిషిని తెచ్చి ట్యాంకులకు ముందు, వాటికి ఎదురుగా కాకుండా, అవి పోయే వైపే తిప్పి పెట్టింది.

ఆ బొమ్మ 15 మిల్లీమీటర్ల లెక్కకు మరీ పెద్దది, ఏనుగుకి సమానంగా ఉంది. మా వాడు తీయలేదు. ఇప్పుడు బల్ల మీద వంతెన సామాను మోసే లారీలున్నాయి, మద్రాసు శాపర్లవి. ఈ సంక్రాంతికి పేరంటానికి రండి, చూద్దురుగాని.