మీకు తెలుసా? మేకుల బూట్లకు రబ్బరు సోల్

ఒకప్పుడు ఆల్ప్స్ కొండలెక్కేవారి తోలు బూట్ల అడుగున ఇనుప మేకులు ఉండేవి. మంచు మీద పట్టు దొరికేది కానీ, ఆ ఇనుము చలిని నేరుగా పాదాలకు చేర్చేది. నిటారు రాళ్లెక్కాలంటే వాటిని విప్పి పలుచని బూట్లు తొడుక్కునేవారు. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో మంచు తుఫానుకు చిక్కి, తగిన బూట్లు లేక ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ల సహచరుడు విటాలే బ్రమానీ, టైర్ల కంపెనీ పిరెల్లీ అండతో, వల్కనైజ్ చేసిన రబ్బరుతో లోతైన గాడులున్న సోల్ తయారుచేసి 1937లో పేటెంట్ తీసుకున్నాడు. రబ్బరుకు గంధకం కలిపి వేడిచేయడమే వల్కనైజేషన్. అలా చేస్తే రబ్బరు చలికి తేలిగ్గా పెళుసెక్కదు, వేడికి జిగురవదు. 1954లో కె2 శిఖరాన్ని మొట్టమొదట ఎక్కిన ఇటలీ బృందం వేసుకున్నవీ ‘విబ్రమ్’ అనే ఈ సోల్ ఉన్న బూట్లే.