ఏ సీటులో కూర్చుంటే మంచిది?

ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకోవడం మనలో చాలామందికి వచ్చిన విద్యే. అప్పట్లో మన ఆశ చల్లగాలి కోసం. ఆ గాలికి ఇంకో విలువ కూడా ఉందని కోవిడ్ రోజుల్లో తేలింది.

2020 జనవరి 19న చైనాలోని ఝెజియాంగ్ ప్రాంతంలో కొందరు భక్తులు రెండు బస్సుల్లో ఒక ఆలయానికి వెళ్ళొచ్చారు. పోనూ రానూ మొత్తం 100 నిమిషాలు. రెండో బస్సులో ఉన్న 68 మందిలో ఒకరికి అప్పటికే కోవిడ్ సోకింది. ఆ బస్సులో మరో 23 మందికి అంటుకుంది. మొదటి బస్సులో ఒక్కరికీ రాలేదు. దగ్గర వరసలకీ దూరపు వరసలకీ పెద్ద తేడా కనిపించలేదు, ఎందుకంటే ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి పంపింది. తెరుచుకునే కిటికీల పక్కన, తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు మాత్రం దాదాపు అందరూ తప్పించుకున్నారు.

మరి దూరానికి విలువే లేదా? ఉంది. అదే రోజుల్లో చైనా హైస్పీడ్ రైళ్ళలో 2,334 మంది రోగుల చుట్టుపక్కల కూర్చున్న 72,093 మందిని లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం మీద జబ్బు సోకింది 0.32 శాతానికి, ఆనుకుని ఉన్న సీట్లలో మాత్రం 3.5 శాతానికి. కలిసి ప్రయాణించే గంటలు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరిగింది.

విమానంలో గాలి పైనుంచి దిగి, వడపోత గుండా తిరిగొస్తుంది. అది ఆగితే చిక్కు ఎక్కువ. 1977లో అలాస్కాలో ఇంజను చెడి ఒక విమానం 3 గంటలు నేలమీదే ఉండిపోయింది. లోపల గాలి ఆడలేదు. ఒక్క ఫ్లూ రోగి నుంచి, 3 రోజుల్లో 72 శాతం ప్రయాణికులు జబ్బుపడ్డారు.

అంటే దూరం, గాలి, సమయం మూడూ కలిపి చూసుకోవాలి. ఒకే ఇంటివాళ్ళు పక్కపక్కన కూర్చుంటే కొత్తగా పోయేదేమీ లేదు. ఖాళీ సీటు ఉంటే అది మనకీ పరాయివాళ్ళకీ మధ్య ఉండాలి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు కిటికీ సీటూ, దాని పక్క సీటూ తీసుకోండి. నడవ పక్కన వచ్చేపోయేవాళ్ళు ఎక్కువ. విమానం నేలమీద ఆగినంతసేపూ మాస్కు తీయవద్దని చెప్పండి. మనం రోజూ ఎక్కే బస్సులో కిటికీ తెరుచుకునేదైతే, చలిగా ఉన్నా రెండు వేళ్ళ సందు ఉంచండి.