సబ్బును మ్రింగు నీళ్లు

గత డిసెంబరులో బాగేపల్లి నుండి ఒక సోదరీమణి వ్రాసిన జాబు మా కార్యాలయమునకు చేరినది. క్రిస్మస్ సెలవులకని బెంగళూరులో కాపురమున్న కూతురును అల్లుడును మనుమలును వచ్చిరనియు, వారితోపాటు మాసిన బట్టల మూటయు వచ్చినదనియు, సెలవులలోనే తెరలు, దుప్పట్లు, దిండుగలీబులు కూడ ఉతికి ఆరవేయవలెనని తల్లీకూతుళ్లు పూనుకొనిరనియు, తీరా చూడగా బెంగళూరులో కావేరి నీళ్లలో గుప్పెడు వేసిన బకెట్టు నిండ నురుగు తేలునట్టి ఆ పొడియే, ఆ సబ్బుబిళ్లయే, ఇచ్చట బోరు నీళ్లలో ఎంత అరగదీసినను నురుగు రాక, పాలు విరిగినట్లు తెల్లని తెట్టె కట్టినదనియు, మనుమని తెల్లచొక్కా బూడిదవన్నెకు తిరిగినదనియు ఆమె వ్రాసిరి. సబ్బు కల్తీదా, నీళ్లు చెడ్డవా, మా చేతులలో లోపమా అని ఆమె ప్రశ్న.

సమాధానము ఒక్క వాక్యమున ముగియును. సబ్బు మంచిదే, చేతులును మంచివే. ఆ తల్లీకూతుళ్లు వేసిన సబ్బులో అధికభాగము బట్టను చేరకమునుపే నీటిని శుద్ధిచేయుటలో వ్యయమైపోయినది. ఐనను ఈ వాక్యము వెనుక దాగిన రసాయనకథ ఎంత రమణీయమైనదనగా, దానిని విప్పి చెప్పక ఊరకుండుట నాకు సాధ్యము కాలేదు.

కొవ్వును క్షారముతో కాచిన సబ్బగునని ప్రాచీనులు ఎరుగుదురు. ఆ కాపులో కొవ్వు విడిపోయి ఆమ్లములుగా మారుననియు, ఆ ఆమ్లములు క్షారముతో కూడినదే సబ్బనియు ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రొల్ 1823లో వెలువరించిన గ్రంథమున నిరూపించెను. మన జిల్లావారికి ఇందు ఒక చుట్టరికము కూడ కలదు: చిక్కబళ్లాపురమునకు సమీపమున ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా ఉన్న కాలముననే, 1916లో, బెంగళూరున ప్రభుత్వ సబ్బుల కర్మాగారము వెలసినది. సబ్బు అణువునకు ఒక కొన నీటిని కోరును. తక్కిన పొడవైన తోక జిడ్డును కోరును. ఇట్టి అణువులు అనేకములు తోకలు లోపలికిని తలలు వెలుపలికిని ఉండునట్లు గుంపుకట్టి, జిడ్డును నడుమ బంధించి, నీటితో కొనిపోవును.

ఈ గుంపుల సంగతిని మొదట గ్రహించిన మెక్‌బెయిన్ అను రసాయనవేత్త 1913లో తన భావమును వెల్లడించెను. అణువులు తమంతట తామే పొందికగా గుంపుకట్టుట అసంభవమని నాటి పెద్దలు పెక్కురు తలచిరి. లండనులో ఒక సభయందు అధ్యక్షుడు ఒక్కమాటతో ఆయనను త్రోసిపుచ్చెనని ప్రతీతి. నేడు ఆ గుంపులు మైసెల్లులను పేరుతో ప్రతి పాఠ్యగ్రంథమునను ఉన్నవి. పెద్దలు పట్టించుకొననిదానిని ఇంటిపని చేయు స్త్రీ కనుగొనిన కథ అంతకు మునుపే ఒకటి కలదు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున ఆగ్నెస్ పొకెల్స్ అను యువతి, ఆ కాలమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేనందున ఇంటిపట్టున ఉండి తల్లిదండ్రులకు సేవ చేయుచు, అంట్లు తోము నీటిపై జిడ్డు ప్రవర్తించు తీరును పరిశీలించి, ఒక రేకుతొట్టితో నీటి ఉపరితలపు బలమును కొలిచెను. 1891లో ఆమె వ్రాసిన లేఖను ఆంగ్ల భౌతికశాస్త్రవేత్త లార్డ్ రాలీ ‘నేచర్’ పత్రికకు పంపి ప్రచురింపజేసెను. తరువాత అమెరికా రసాయనవేత్త లాంగ్మ్యూర్ మహాశయునికి నోబెల్ బహుమానము తెచ్చిన పరిశోధనలకు మార్గము వేసినది ఆ వంటింటి తొట్టియే. ఇంటిపని చేయువారి ప్రశ్నలను శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూడరాదనుటకు ఇంతకంటె నిదర్శనము నేనెరుగను.

ఇక అసలు విషయము. సబ్బు అణువు తలయందు ఒక ఋణావేశము ఉండును. దానికి జోడుగా ఒక ధనావేశముగల సోడియము ఉండును. సోడియము పట్టు సడలినది. నీటిలో పడినంతనే అది సబ్బు తలను విడిచి దూరముగా సంచరించును, సబ్బు స్వేచ్ఛగా తన పని చేసికొనును. బోరు నీటిలోని కాల్షియమునకు, మెగ్నీషియమునకు రెండేసి ధనావేశములు కలవు. ఒక్కొక్క కాల్షియము రెండు సబ్బు అణువులను వాని తలలకడ పట్టి బిగించును. నీటిని కోరు భాగము అట్లు మూతపడగా మిగులునవి రెండు జిడ్డుతోకలు మాత్రమే. నీటికి అవి పరాయివి. విడిపోయి పైకి తేలును, బట్టకు అంటుకొనును. జాబులోని తెట్టె అదియే. మురికిని వదలింపవలసిన పదార్థమే మురికియై బట్టపై కూర్చొనుటచే చొక్కా బూడిదవన్నెకు తిరిగినది. శిడ్లఘట్ట పట్టువారు పట్టుపోగుల జిగురును సబ్బుతో కాచి వదలించునపుడు నీటి గుణమును ఎంచి చూచుటకును ఇదియే హేతువు.

ఇందు నన్ను ముగ్ధుని చేయునది వరుసక్రమము. నీటిలో కాల్షియము ఉన్నంతవరకు సబ్బునకు మురికిపై పనిచేయు తీరిక దొరకదు. కాల్షియమంతయు తీరిన పిమ్మటనే మొదటి నిలుకడగల నురుగు పుట్టును. ఆ నురుగు కాల్షియము లెక్క ముగిసినదని తెలుపు సాక్షి. అబర్డీనులో రసాయనాచార్యుడైన థామస్ క్లార్క్ దీనినే పరీక్షగా మలచెను: తెలిసిన బలముగల సబ్బునీటిని కొంచెము కొంచెముగా సీసాలోని నీటిలో పోసి కుదుపుచు, నురుగు అయిదు నిమిషములు నిలుచువరకు పట్టిన సబ్బును లెక్కించినచో నీటి కాఠిన్యము, అనగా సబ్బును హరించు గుణము, తెలియును. విలువైన యంత్రములేవియు లేక, ప్రతి ఇంట ఉండు వస్తువుతోనే నీటి అంతరంగమును కొలుచుట ఎంత చక్కని యుక్తి!

ఆ లెక్కను మన బకెట్టుకు అన్వయింతము. త్రాగునీటికై మన దేశపు ప్రమాణము కాఠిన్యమును లీటరుకు 200 మిల్లీగ్రాములవరకు మెచ్చును. వేరు ఆధారము లేనిచోట 600 వరకు సహించును. 600 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీరు లీటరునకు సుమారు మూడున్నర గ్రాములకు పైబడి స్వచ్ఛమైన సబ్బును హరించును. 20 లీటర్ల బకెట్టునకు 70 గ్రాములు దాటును. అంత సబ్బు కరగి తెట్టెయైన పిమ్మటగాని బట్టపై ఒక్క మరకకైనను సబ్బు దొరకదు. జాడించునపుడు మరల క్రొత్తనీరు, మరల క్రొత్త కాల్షియము. బట్టలో మిగిలిన సబ్బు కూడ తెట్టెగా మారును. డిసెంబరు చలియందు చల్లనినీట సబ్బు తానుగా కరగుటయే మందము; అది కూడ తోడై సెలవుల చాకిరిని రెట్టింపు చేయును.

ఈ కాల్షియము ఎచ్చటిది? చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు 250 కోట్ల సంవత్సరములకు పైబడిన నల్లరాతి, నైసు శిలలపై నిలిచినవి. పెన్నేరు, చిత్రావతి, పాపఘ్ని ఈ మండలముననే జన్మించి ఆంధ్రమునకు ప్రవహించుచున్నను, ఏడాది పొడుగున పారు నది ఇచ్చట ఒక్కటియు లేదు. చెరువులెండగా జనులు వేయి అడుగులకు మించి బోర్లు దింపిరి. వాననీరు నేలలోని వేళ్లు, సూక్ష్మజీవులు విడుచు బొగ్గుపులుసు వాయువును కరగించుకొని బలహీనమైన ఆమ్లమై, శిలల నెర్రెలలో సంవత్సరముల తరబడి నిలిచి, ఫెల్డ్‌స్పారు నుండి కాల్షియమును మెల్లగా లాగికొనును. కావేరి నీరు నేలపై పరుగిడు నదీజలము. దానికి శిలలతో అంత దీర్ఘసాంగత్యము లేదు.

కాచిన పాత్ర అడుగున తెల్లని పొర ఏర్పడుటను చూచి పూర్వులు వింతయైన సిద్ధాంతము చేసిరి: నీరే క్రమముగా మట్టిగా మారునట! ఈ నమ్మకమును ఫ్రెంచి రసాయనవేత్త లవోయిజియే 101 దినములు గాజుపాత్రలో నీటిని వేడిచేసి, తూచి, ఆ మట్టి గాజు నుండియే కరగివచ్చినదని చూపి, 1770లో కూల్చెను. నేలనీటిలోని సున్నపు సంగతిని అంతకు మునుపే, 1767లో, ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్ లండనులోని రాత్‌బోన్ ప్లేస్ బావినీటిపై పరిశోధించి తేల్చియుండెను. కరగని సుద్దను నీటిలో కరగించి పట్టి ఉంచునది అధికమైన బొగ్గుపులుసు వాయువేయనియు, కాచినచో ఆ వాయువు వెడలిపోయి సుద్ద అడుగంటుననియు ఆయన కనుగొనెను. గీజరు కడ్డీపై, వాషింగ్ మెషీను హీటరుపై గట్టిపడు తెల్లపొర పుట్టుక ఇదియే.

కావెండిషు గ్రహించిన మరియొక సత్యమునే క్లార్కు 1841లో పేటెంటుగా పొందెను: సున్నముగల నీటినుండి సున్నమును తొలగించుటకు మరికొంత సున్నము కలుపవలెను! వినుటకు మతిలేని మాటవలె తోచును. కాని కలిపిన సున్నపునీరు ఆ అధికవాయువును తాను పట్టుకొని సుద్దగా మారగా, వాయువు ఆధారము కోల్పోయిన పాత సుద్దయు దానితోకూడ అడుగునకు దిగును. వచ్చినదియు ఉన్నదియు రెండును పోయి నీరు మెత్తబడును. లండనులోని పెద్ద నీటి కంపెనీలు దీనిని చేపట్టుటకు వెనుకాడినవి. వారి వెనుకంజవలన ఎన్ని ఇండ్లలో ఎంత సబ్బు తెట్టెగా కొట్టుకొనిపోయినదో తలచిన బాధ కలుగును.

క్లార్కునకు ఎంతయో పూర్వమే మన రజకులు వేరొక మార్గమున ఇదే ఫలమును సాధించిరి. చవుడు మన్నులో సోడాక్షారములు ఉండును. బట్టలను చవుటినీట ముంచి, బానపై ఆవిరి పట్టి, పిదప రేవుబండపై ఉతుకు ఆ పద్ధతిలో క్షారము కాల్షియమును సుద్దగా దించివేయును, బట్టమీది కొవ్వుమరకను అచ్చటికచ్చటనే కొంత సబ్బుగా మార్చును. పాఠశాల ఎరుగని ఆ పనివారి నేర్పును మోటుపద్ధతియని కొట్టివేసిన విద్యావంతులు పొరబడిరని నా దృఢాభిప్రాయము. కుంకుడురసము కథ వేరు. దానిలోని సాపోనిను కాల్షియముతో సబ్బువలె తెట్టెకట్టదు కనుకనే పట్టుచీరెలకు ఈ బోరునీటిలోను అది పనికివచ్చుచున్నది.

ఉపయోగమేమని అడుగువారికి క్లుప్తముగా చెప్పుదును. సబ్బు వేయకమునుపు బకెట్టులో చాకలి సోడా కరగించి కొంతసేపు ఆగవలెను. పైన చెప్పిన 600 మిల్లీగ్రాముల నీటి బకెట్టునకు స్వచ్ఛమైన పొడిసోడా 13 గ్రాములు చాలును. 73 గ్రాముల సబ్బు చేయవలసిన పనిని అది చేయును. నీరు తేరిన పిమ్మట పైతేట వంచుకొనుట మంచిది. పట్టునకు, ఉన్నికి సోడా తగదు. బూడిదవన్నె చొక్కాను కొంచెము వినిగరు కలిపిన వెచ్చనినీట నానబెట్టినచో తెట్టెలోని కాల్షియము విడివడును. తరువాత సోడానీటిలో ఉతుకవలెను. వాననీటిని పట్టి ఉంచుకొనువారికి ఈ శ్రమ ఏదియు లేదు.

జాబు వ్రాసిన సోదరీమణి పొడిని గూర్చియు అడిగిరి కనుక: 1959లో మన దేశమున సర్ఫు, 1969లో నిర్మా వచ్చిన నాటినుండి వాడుకలోనున్న పొడులు సబ్బులు కావు, కాల్షియముతో అంత సులభముగా తెట్టెకట్టవు, ఐనను కఠినజలమున వాని బలమును కొంత తగ్గును. అపుడు గృహిణి చేయు పని ఇంకొక గుప్పెడు పొడి వేయుట. ప్రకటనలు నురుగునే శుభ్రతగా చూపుచు ఈ అలవాటును పెంచుచున్నవి; శుభ్రపరచు శక్తికిని నురుగునకును నేరుగా సంబంధము లేదు. వాడిన పొడి ఎచ్చటికి పోవును? బెంగళూరు మురుగును శుద్ధిచేసి ఈ ప్రాంతపు చెరువులకు పంపు పథకములు నడుచుచున్నవి. 2018లో కోలారు సమీపమున లక్ష్మీసాగర చెరువులో నురుగు తేలగా వ్యవహారము హైకోర్టువరకు వెళ్లినది.

చివరకు నురుగును గూర్చిన మరియొక నమ్మకమును ఖండింపక తప్పదు. సబ్బు బాగుగా నురుగునిచ్చు బోరునీరు త్రాగుటకు కూడ మేలైనదని పల్లెలలో పలువురు తలంతురు. లోతుశిలలలో దీర్ఘకాలము నిలిచిన నీటిలో కాల్షియము సుద్దగా దిగిపోయి, సోడియము మిగులుట కలదు. ఆ నీరు మెత్తన, సబ్బునకు అనుకూలము. కాని నీటిలో కాల్షియము సమృద్ధిగా ఉన్నంతకాలము ఫ్లోరైడును ఒక హద్దులో ఉంచునది అదియే. కాల్షియము తరిగినకొలది ఫ్లోరైటు ఖనిజము అధికముగా కరగును. అధిక ఫ్లోరైడువలన కలుగు ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశమున మొట్టమొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే గుర్తింపబడినది. బాగేపల్లి, చింతామణి పల్లెలును ఆ బాధను ఎరుగనివి కావు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దుకు మించిన ఫ్లోరైడు నాలుకకు తెలియదు, నురుగునకు తెలియదు. క్రొత్త బోరు వేసినవారు బట్టలు బాగుగా ఉతుకబడుచున్నవని సంతసించి బిందెలు నింపుకొనకమునుపు ఒక సీసాడు నీటిని పరీక్షాశాలకు పంపి ఫ్లోరైడు లెక్క తెప్పించుకొనవలెను.