బంగారు లక్ష్మణ్

బంగారు లక్ష్మణ్ (1939 మార్చి 17 - 2014 మార్చి 1) హైదరాబాదుకు చెందిన భారతీయ జనతా పార్టీ నాయకుడు. అటల్ బిహారీ వాజపేయి ప్రభుత్వంలో రైల్వే శాఖ సహాయమంత్రిగా, 2000 ఆగస్టు నుండి 2001 మార్చి వరకు పార్టీ జాతీయ అధ్యక్షుడిగా పనిచేశాడు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఇతడే. అధ్యక్షుడిగా ఉన్న సమయంలో లక్ష రూపాయల ముడుపు పుచ్చుకున్నట్లు రుజువు కావడంతో 2012 ఏప్రిల్‌లో ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం ఇతడికి నాలుగేళ్ళ కారాగార శిక్ష విధించింది.

తొలి జీవితం

లక్ష్మణ్ హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి న్యాయశాస్త్ర పట్టా పొందాడు. చిన్ననాటనే రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌లో చేరాడు. కొంతకాలం ప్రభుత్వోద్యోగం చేసి, దానిని వదలి జనసంఘ్ ద్వారా రాజకీయాల్లోకి వచ్చాడు. అత్యవసర పరిస్థితి కాలంలో (1975-77) జైలు జీవితం గడిపాడు.

రాజకీయ జీవితం

1980లో భారతీయ జనతా పార్టీ ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీ ముఖ్య నాయకులలో ఒకడయ్యాడు. రాష్ట్ర శాసనమండలి సభ్యుడిగా, 1980లలో పార్టీ రాష్ట్ర శాఖ అధ్యక్షుడిగా వ్యవహరించాడు. 1996లో గుజరాత్ నుండి రాజ్యసభకు ఎన్నికయ్యాడు. 1999లో కేంద్ర మంత్రివర్గంలో చేరి రైల్వే శాఖ సహాయమంత్రి అయ్యాడు.

2000 ఆగస్టులో కుశాభావు ఠాక్రే స్థానంలో పార్టీ అధ్యక్షుడు కావడంతో మంత్రి పదవిని వదులుకున్నాడు. నాగపూర్‌లో జరిగిన జాతీయ మండలి సమావేశంలో మాట్లాడుతూ, ముస్లింలను, దళితులను పార్టీకి చేరువ చేయాలని పిలుపునిచ్చాడు. అగ్రవర్ణాల పార్టీగా పేరుపడిన సంస్థకు ఒక దళితుడు నాయకుడు కావడం ఆ రోజులలో విశేషంగా చర్చకు వచ్చింది.

తెహెల్కా ఉదంతం

తెహెల్కా అనే వార్తా సంస్థకు చెందిన విలేఖరులు ఆయుధ వ్యాపారుల వేషంలో పలువురు నాయకులను, సైనికాధికారులను కలిసి ఆ సంభాషణలను రహస్య కెమెరాలతో చిత్రీకరించారు. లండన్‌కు చెందినదని వారు చెప్పుకున్న 'వెస్ట్ ఎండ్' సంస్థ నిజానికి ఎక్కడా లేదు. చీకటిలో సైతం మనుషుల జాడను వేడిని బట్టి చూపే పరికరాలను (థర్మల్ ఇమేజర్లు) సైన్యానికి అమ్ముకోవడానికి రక్షణ శాఖకు సిఫారసు చేయాలని వారు లక్ష్మణ్‌ను కోరారు. 2001 జనవరి 5న అతడు తన కార్యాలయంలో లక్ష రూపాయల నోట్ల కట్టను అందుకొని బల్ల సొరుగులో పెట్టడం కెమెరాకు చిక్కింది.

2001 మార్చి 13న ఈ దృశ్యాలు బయటపడగానే లక్ష్మణ్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఆ సొమ్మును పార్టీ నిధిగానే స్వీకరించానని అతడు వాదించాడు. అతడి స్థానంలో జనా కృష్ణమూర్తి అధ్యక్షుడయ్యాడు. రెండు రోజులకు రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ కూడా రాజీనామా చేశాడు. అయితే అదే సంవత్సరం అక్టోబరులో అతడు తిరిగి మంత్రివర్గంలో చేరాడు.

విచారణ, తీర్పు

ప్రభుత్వం మొదట జస్టిస్ వెంకటస్వామి కమిషన్‌ను నియమించింది. 2002 నవంబరులో ఆయన తప్పుకోగా జస్టిస్ ఫుకాన్ ఆ బాధ్యత చేపట్టాడు. 2004లో కేంద్రంలో ప్రభుత్వం మారిన తరువాత కమిషన్ రద్దయి, దర్యాప్తు సీబీఐకి చేరింది. లక్ష్మణ్ వద్ద పనిచేసిన ఒక సహాయకుడు అప్రూవరుగా మారాడు.

2012 ఏప్రిల్ 27న న్యాయస్థానం లక్ష్మణ్‌ను దోషిగా నిర్ధారించింది. మరునాడు నాలుగేళ్ళ కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా విధించింది. వయసును, అనారోగ్యాన్ని దృష్టిలో ఉంచుకొని కనికరించాలన్న విన్నపాన్ని న్యాయమూర్తి అంగీకరించలేదు. సమాజంలో 'ఏదైనా చెల్లిపోతుంది' అనే ధోరణి పోవాలని తీర్పులో పేర్కొన్నాడు. అప్పీలు విచారణలో ఉండగా ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది.

న్యాయపరమైన ప్రాముఖ్యం

ముడుపు పుచ్చుకున్ననాటికి లక్ష్మణ్ మంత్రి కాడు. రక్షణ శాఖతో అతడికి అధికారికంగా ఏ సంబంధమూ లేదు. అటువంటప్పుడు అది నేరమెట్లా అవుతుందన్న సందేహం పాఠకులకు కలుగవచ్చు. దీనికి సమాధానం 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలోని 9వ సెక్షన్‌లో ఉన్నది. ప్రభుత్వ సేవకుడిపై తనకున్న వ్యక్తిగత పలుకుబడిని ఉపయోగిస్తానని ప్రతిఫలం తీసుకోవడమే ఆ సెక్షన్ ప్రకారం నేరం. పని జరిగి తీరవలసిన అవసరం లేదు. సంస్థ, సరుకు రెండూ కల్పితమే అయినా పుచ్చుకున్న సొమ్ము మాత్రం కల్పితం కాదు. అప్పటి చట్టం ప్రకారం ఈ నేరానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్ళు. 2018లో చట్టాన్ని సవరించినప్పుడు ఈ సెక్షన్ల స్వరూపం మారింది.

కేంద్ర మాజీ మంత్రి సుఖ్‌రామ్ కేసుతో పోల్చిచూస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. సుఖ్‌రామ్ తాను నిర్వహించిన టెలికాం శాఖలోని కొనుగోళ్ళ విషయంలోనే దోషిగా తేలాడు. లక్ష్మణ్ కేసులో అమ్ముడుపోయినది అధికారం కాదు, అధికారంలో ఉన్నవారితో గల సాన్నిహిత్యం. పదవి లేని పార్టీ నాయకుడు సైతం చట్టానికి అతీతుడు కాడని ఈ తీర్పు తెలిపింది. విలేఖరులు మారువేషంలో ఆశచూపి నేరాన్ని రప్పించడం న్యాయమేనా అన్న చర్చ మాత్రం ఆ తరువాత కూడా కొనసాగింది. ఇదే ఉదంతంలో సమతా పార్టీ మాజీ అధ్యక్షురాలు జయా జైట్లీకి 2020 జూలైలో నాలుగేళ్ళ శిక్ష పడగా, ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం ఆ శిక్షను నిలిపివేసింది.

కుటుంబం, మరణం

లక్ష్మణ్ భార్య సుశీల 2004లో రాజస్థాన్‌లోని జాలోర్ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికైంది. లక్ష్మణ్ 2014 మార్చి 1న, 74 ఏళ్ళ వయసులో, హైదరాబాదులో మరణించాడు.