పట్టిక మారేటప్పుడు వాడ ఎక్కడ పోతోంది? పీడీఎఫ్ జాబితాల నుంచి లెక్క తీసే పద్ధతి

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల కాగితాల్లో వాడ పేరు ఊరి పేరుకు తోకలాగా ఉంటుంది. ఊరి పేరు రాసి పక్కన ఏ.ఏ.డబ్ల్యు. అని పెడతారు. అంటే ఆది ఆంధ్రవాడ. లేదంటే హెచ్.డబ్ల్యు. అంటే హరిజనవాడ. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్ళు తమకు తాముగా పెట్టుకున్న పేరు ఆది ఆంధ్రులు. ఆ పేరు సర్కారు జాబితాల్లో మూడు పొడి అక్షరాలుగా మిగిలింది. ఆ మూడు అక్షరాలు కూడా కంప్యూటర్లో ఎట్లా రాలిపోతాయో, రాలిపోకుండా ఏం చేయాలో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం.

తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీలకు రిజర్వు అయినవే. అసెంబ్లీకి సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు కూడా అంతే. సీటు మనదే, సరే. ఓటు వేసే చోటు ఎక్కడుంది? వాడలోనా, ఊర్లోనా? ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకుండా చూడాలని ఎన్నికల కమిషన్ నియమం. అయితే దూరం ఒక్కటే కొలత కాదు. ఊరి నడివీధి దాటి పోయి ఓటు వేయడం ఏమిటో వాడలో పుట్టినవాళ్ళకు తెలుసు.

ఏ వాడవాళ్ళు ఏ కేంద్రానికి పోవాలో పోలింగ్ కేంద్రాల జాబితాలో ఉంటుంది. జాబితా పీడీఎఫ్‌గా దొరుకుతుంది. దాన్ని ఎక్సెల్‌లోకి తెచ్చుకుంటే లెక్క తేలుతుందని మేమూ అనుకున్నాం. మా ఇళ్ళల్లో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఈ పని చెప్పిపెట్టేవాళ్ళూ లేరు. పట్టిక వచ్చింది. మధ్యమధ్యలో వరుస సంఖ్య లేని సగం సగం వరుసలు కనిపించినాయి. చెత్త అనుకొని వాటిని ఒక్కసారిగా తీసేసినాం. పట్టిక శుభ్రంగా అయింది. తర్వాత మాకు బాగా తెలిసిన ఒక వాడ కోసం వెతికితే లేదు. ఊరు ఉంది, వాడ లేదు. మేము తీసేసిన సగం వరుసల్లోనే అది ఉండింది.

ఎందుకిట్లా అయింది? పీడీఎఫ్‌ను 1993లో అడోబీ కంపెనీ తెచ్చింది. ఏ మిషన్లో తెరిచినా పేజీ ఒకేలా కనబడాలన్నది దాని ఉద్దేశం. అందుకని ఏ అక్షరం పేజీలో ఏ చోట ఉండాలన్నదే అందులో ముఖ్యంగా ఉంటుంది. ఇది వరుస, ఇది గడి అన్న జ్ఞానం దానికి మామూలుగా ఉండదు. గీతలు మన కంటికే పట్టిక. ఊరి పేరు పొడుగైతే తోక కింది లైనుకు జారుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ కింది లైనును కొత్త వరుస అనుకుంటుంది. దానికి సంఖ్య ఉండదు, కేంద్రం పేరు ఉండదు. వరుస సంఖ్య లేనివి తీసెయ్యమంటే మొదట పోయేది వాడే. ఇందులో ఎవరి కుట్రా లేదు. తోకగా రాసిన పేరు కాబట్టి తోకలాగే తెగింది.

ఇప్పుడు పద్ధతి. మొదట పీడీఎఫ్‌లో ఒక మాట మీద మౌస్ లాగి చూడండి. అక్షరాలు పట్టుబడితే అది అక్షరాల ఫైలు. పేజీ మొత్తం బొమ్మలాగా ఉంటే అది స్కాన్ చేసింది. అక్షరాలు పట్టుబడినా, అతికిస్తే తెలుగు బదులు అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు వస్తే, అది అను వంటి పాత ఫాంట్లలో కొట్టింది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

అక్షరాల ఫైలుకు టాబులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో రెండు దారులున్నాయి. లాటిస్ అనేది గీతలను బట్టి గడులు గుర్తిస్తుంది. స్ట్రీమ్ అనేది ఖాళీలను బట్టి గుర్తిస్తుంది. గీతలున్న జాబితాకు లాటిస్ వాడితే జారిన లైను అదే గడిలో ఉండిపోతుంది. కొత్త ఎక్సెల్‌లోనైతే డేటా మెనూలోంచి నేరుగా పీడీఎఫ్‌ను తెరవచ్చు. సగం వరుసలు వస్తే తీసెయ్యకండి. పై సంఖ్యను ఫిల్ డౌన్‌తో కిందికి దించి, రెండు వరుసలనూ కలపండి. స్కాన్ ఫైలుకు టెసరాక్ట్ వంటిది కావాలి. అది తెలుగు చదువుతుంది, తప్పులూ చదువుతుంది. ఒకరు గట్టిగా చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి.

తర్వాత మూడు తనిఖీలు. ఒకటి, జాబితాలోని ఆఖరి సంఖ్యా, పట్టికలోని కేంద్రాల సంఖ్యా ఒకటేనా? రెండు, అచ్చులో మొత్తం ఇచ్చి ఉంటే మన కూడిక దానికి సరిపోతుందా? మూడు, పీడీఎఫ్‌లో ఏ.ఏ.డబ్ల్యు. ఎన్నిసార్లు ఉందో వెతికి లెక్కబెట్టండి. ఒక్కో నివాసాన్ని ఒక్కో వరుసగా విడదీసినాక పట్టికలోనూ అన్నే ఉండాలి. హరిజనవాడ, అరుంధతివాడ, దళితవాడ అని రాసినవాటినీ అట్లే చూడాలి. జాబితాలోని పేరును దిద్దవద్దు. మన గుర్తుకు పక్కన ఇంకో గడి పెట్టుకోవాలి. తోక లేని వాడలు కూడా ఉంటాయి, కాలనీ అనో నగర్ అనో. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. పోయి అడగాల్సిందే.

డి.కె.టి. పట్టాల జాబితాలకూ ఇదే దారి. అయితే 12/3 అనే సర్వే నంబరును ఎక్సెల్ మార్చి 12వ తేదీగా మార్చేస్తుంది. 1.20 అంటే ఎకరా ఇరవై సెంట్లు. దాన్ని 1.2 అని చూపిస్తే ఎకరా రెండు సెంట్లని చదివేవాళ్ళుంటారు. కాబట్టి ఆ గడులను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకని అడగవచ్చు. 1932లో లోథియన్ కమిటీ ముందు అంటరానివాళ్ళు ఎంతమంది అన్నదే పెద్ద తగాదా అయింది. సంఖ్యను తగ్గించి చూపేవాళ్ళతో ఆ కమిటీ సభ్యుడిగా అంబేద్కర్ తలపడాల్సి వచ్చింది. సంఖ్య తగ్గితే వాటా తగ్గుతుందని ఆయనకు తెలుసు. అప్పుడు తగ్గించినవాళ్ళు ఎదుట కూర్చొని ఉండినారు. ఇప్పుడు మన చేతి కిందే, మనకు తెలియకుండానే తగ్గిపోవచ్చు.

అందుకే మేము ఇప్పుడు పట్టిక పూర్తయినాక అచ్చు తీసి వాడకు తీసుకుపోతున్నాం. పెద్దవాళ్ళకు చదివి వినిపిస్తున్నాం. ఏ పేరు రాలేదో వాళ్ళు వెంటనే చెప్తారు.