లేతు మీద పుట్టే రాజమండ్రి కలం

రాజమండ్రిలో ఇప్పటికీ పెన్నును చెప్పి చేయించుకోవచ్చు. లావెంత ఉండాలి, పొడవెంత, పాళీ సన్నదా బొద్దుదా, ఒట్టి నలుపా, గోధుమరంగు చారలున్నదా అని అడిగి, ఆ కొలతకు కడ్డీ కోసి లేతుకెక్కిస్తారు. యంత్రంలో పోసి తీసే పెన్నులు రోజుకు లక్షల్లో వచ్చిపడుతున్న ఈ కాలంలో, ఒక మనిషి చేతికి తగ్గట్టు ఇంకో మనిషి కూర్చుని పెన్ను తిప్పే ఊరు మనకింకా మిగిలి ఉంది.

ఈ విద్య ఇక్కడ వేళ్లూనుకున్నది స్వదేశీ ఉద్యమం రోజుల్లో. జనానికి పనికొచ్చే వస్తువేదైనా తయారు చేయమని 1921లో గాంధీజీ ఈ ఊరి కోసూరి వెంకటరత్నంగారికి సలహా ఇచ్చారని చెబుతారు. 1930ల మొదట్లో ఆయన పేరుతోనే రత్నం పెన్ను తయారైంది. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం బాధ్యతలు చూస్తున్న జె.సి. కుమారప్ప చేతుల మీదుగా ఒకటి గాంధీజీకి చేరింది. 1935 జూలై 16న ఆయన రత్నంగారికి ఉత్తరం రాశారు. పెన్ను వాడాననీ, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొచ్చేట్టుందనీ దాని సారాంశం. నాలుగు పొగడ్తలు రాసి పంపడం సులువు. ఆయన వాడి చూసి, చూసినంత మేరకే చెప్పారు. ఆ ఉత్తరం విలువంతా అక్కడే ఉంది. తర్వాత ఇదే ఊళ్లో గైడర్, బ్రహ్మం పేర్లతోనూ పెన్నులు వచ్చాయి.

లేతు మీద కర్రపెన్నులు చేసేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. కర్రముక్కను నిలువునా తొలిచి, లోపల ఇత్తడి గొట్టం అతికించి, ఆపైన కర్రను సన్నగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది మెరుగుపెడతారు. సిరా నేరుగా తగిలితే కర్ర పీల్చుకుని ఉబ్బిపోతుంది కాబట్టి అందులో నేరుగా సిరా పోయరు. రాజమండ్రివాళ్లు ఎంచుకున్నది ఎబొనైట్‌. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి, చాలాసేపు వేడిలో ఉంచితే గట్టిపడి తయారయ్యే సరుకు. పట్టుకుంటే చేవదేరిన కర్రలా వెచ్చగా, నున్నగా ఉంటుంది. సిరా దాన్నేమీ చేయలేదు. అందుకే ఇక్కడి పెన్నుకు లోపల వేరే గొట్టం అక్కర్లేదు; పెన్ను ఒళ్లే సిరాబుడ్డి. ఫిల్లరుతో చుక్కచుక్కగా నింపుకోవడమే.

కడ్డీ లేతులో తిరుగుతుండగా పనిముట్టు ఆనిస్తే నల్లటి పొట్టు సన్నటి రిబ్బన్లుగా లేచి పడుతుంది. దాంతోపాటు గంధకం వాసన. ముందు లోపలి రంధ్రం తొలుస్తారు, తర్వాత పైభాగం దించుతారు. అసలు పరీక్ష మరల దగ్గర. మూత లోపల కోసిన మరలూ, ఒంటి మీద కోసినవీ ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవాలి. వదులైతే సిరా కారుతుంది, బిగువైతే ఎబొనైట్‌ పగులుతుంది. కొలత సాధనాలు కొంతవరకే తోడొస్తాయి, ఆపైన వేళ్లే చెప్పాలి. మరలు కుదిరాక గరుకు కాగితాలు, మోటు రకం నుంచి సన్న రకం దాకా. లేతు గాట్లు ఒక్కటీ మిగలకుండా రుద్ది, చివర బఫింగ్ చక్రం మీద పెడితే నల్లటి ఒంటి మీద ఎదుటివాళ్ల ముఖం కనిపిస్తుంది.

ఇంతా చేసి అది రాయకపోతే ఎందుకు? పాళీ కింద ఉండే ఫీడ్‌లో వెంట్రుక సందంత గాడి ఉంటుంది. దాని గుండా సిరా కిందికి దిగాలి, దిగినంత మేరా గాలి లోపలికి ఎక్కాలి. పాళీకీ ఫీడ్‌కీ మధ్య సందు మిగిలితే రాత మధ్యలో ఆగిపోతుంది. ఎబొనైట్‌ ఫీడ్‌నైతే వేడినీళ్లలో ముంచి, కాస్త మెత్తబడగానే బొటనవేలితో పాళీకి అదిమిపట్టి చల్లారనిస్తారు. ప్లాస్టిక్ ఫీడ్‌తో ఈ సర్దుబాటు అంత తేలిక కాదు. నా లెక్కన చేతిపెన్నుకూ ఫ్యాక్టరీ పెన్నుకూ ఉన్న అసలు తేడా ఇక్కడుంది, పైమెరుపులో లేదు.

లోపాలూ ఉన్నాయి, దాచనక్కర్లేదు. సిరా అడుగంటినప్పుడు లోపలి గాలి చేతివేడికి వ్యాకోచించి, కాగితం మీద ఒక బొట్టు రాల్చవచ్చు. ఎండలో వదిలేస్తే నల్ల ఎబొనైట్‌ వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. మళ్లీ మెరుగుపెడితే నలుపు తిరిగొస్తుంది. పాళీ పాడైతే మార్చవచ్చు, మర అరిగితే బాగుచేయవచ్చు. తాతయ్య పెన్నును మనవడు వాడుకోగలడు.

బాల్‌పెన్ను వచ్చాక ఈ పని బాగా తగ్గింది. ఇప్పుడు సిరా పెన్నుల మోజున్నవాళ్లు దేశవిదేశాల నుంచి చేయించుకుంటున్నారు. ఆ గిరాకీ మంచిదే. అయితే అలా చేయించుకున్న పెన్నుల్లో కొన్ని పెట్టెల్లోనే భద్రంగా ఉండిపోతాయి. వాడేవాళ్లుంటేనే బాగుచేసే పని ఉంటుంది. బాగుచేసే పని ఉంటేనే కొత్త కుర్రాడు లేతు దగ్గర కూర్చుని నేర్చుకుంటాడు.

రాజమండ్రి వెళ్తే పెన్ను కొనేముందు దుకాణంలోనే కూర్చుని ఒక పేజీ రాసి చూడండి. మీ చేతికి సరిపోయేదాకా పాళీ సరిచేయమని మొహమాటపడకుండా అడగండి. ఇంటికి తెచ్చాక రోజూ రాయండి, అప్పుడప్పుడూ మామూలు నీళ్లతో కడగండి. ఇంట్లో మూలపడి ఉన్న పాత పెన్ను ఏదైనా ఉంటే పారేయకండి, చేసినవాళ్ల దగ్గరికే మరమ్మతుకు తీసుకెళ్లండి.