గుత్తి నీళ్ళు, తాడిపత్రి బుగ్గ

అనంతపురం వచ్చిన చుట్టాలు లేపాక్షి బసవన్నను చూచి వెళ్ళిపోతూంటారు. చూడవలసిందే, కాదనను. అయితే 2022 నుంచి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. మాకు మిగిలినవాటిలో ఒక్క రోజులో చుట్టి రాదగ్గవి గుత్తి, తాడిపత్రి. ఈ మూడూళ్ళూ ముక్కోణంలో ఉన్నాయి. దేనినుంచి దేనికైనా 50 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

మొన్న మాఘంలో మా తోడల్లుడుగారు సకుటుంబంగా వచ్చారు. వారిది కృష్ణ ఒడ్డు. "ఈ బీళ్ళలో చూడ్డానికి ఏముందండీ?" అన్నారు నవ్వుతూ. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మరి! తెల్లవారకముందే బయలుదేరదీశాను.

గుత్తికోట ఎండ ముదరకముందే ఎక్కాలి. కొండమీద ఏరు లేదు. వానకు నిండే దొనలు, బావులే దిక్కు. శిఖరం అంచున మురారిరావు కూర్చునే చిన్న మండపం ఉంది. అక్కడ ఆయన చదరంగం ఆడేవాడట! 1776లో హైదరాలీ నెలల తరబడి ముట్టడి వేశాడు. కోటను పడగొట్టినవి ఫిరంగులు కావు. నీళ్ళు నిండుకున్నాయి, మన ఆడవాళ్ళు బియ్యం నిండుకున్నాయంటారే, ఆ అర్థంలో. మురారిరావు లొంగిపోయి కబ్బాల దుర్గంలో ఖైదీగా కన్నుమూశాడు. తోడల్లుడుగారు ఎండిన దొనలోకి చాలాసేపు తొంగిచూచి, చేతిలోని నీళ్ళసీసా పిల్లలకిచ్చారు.

దిగి వచ్చి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని తాడిపత్రి బండెక్కాం. అక్కడి పెన్న ఏడాదిలో చాలా నెలలు ఒట్టి ఇసుకే. ఆ ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరుడు. ఆయన పాదపీఠం దగ్గర నీటి ఊట! ఎన్నడూ ఆరదని ఊరివారు చెబుతారు. బుగ్గ అంటేనే ఊట. ఆలయం పెమ్మసాని నాయకులు కట్టించినది. దాని గోపురాలు సగంలో ఆగిపోయాయి. అయినా ఆ నల్లరాతి పనితనాన్ని ఫెర్గూసన్ అంతటి శిల్పశాస్త్రజ్ఞుడు తనివితీరా మెచ్చుకున్నాడు. నా మటుకు నాకు పూర్తయిన గోపురాలకంటే ఇవే ఇష్టం. శిల్పం కంటి ఎత్తులోనే ఉంటుంది, మెడ నొప్పెట్టదు. ఊళ్ళోనే చింతల వేంకటరమణస్వామి గుడిలో రాతిరథం పిల్లలకు బాగా నచ్చింది. మా ఆవిడా, వాళ్ళ అక్కయ్యా మాత్రం తాడిపత్రి బండలు వంటింట్లోకి గజం ఎంత పడతాయో కనుక్కునే పనిలో పడ్డారు.

తిరుగుదారిలో బుక్కరాయసముద్రం చెరువుకట్ట. వెనుకటి రోజుల్లో ఈ కట్ట తెగబోతే ఊరిని కాపాడడానికి ముసలమ్మ ఆత్మబలి చేసుకున్నదని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యం రాసింది ఈమె మీదనే. పేరు విని పండుముసలి అనుకునేరు. ఆమె ఆ ఇంటి చిన్నకోడలు.

"ఇక్కడ కట్టలు తెగేంత నీళ్ళు కూడా వచ్చేవన్నమాట!" అన్నారు తోడల్లుడుగారు. చెరువులోకి ఆయనే ముందు దిగి కాళ్ళు కడుక్కున్నారు.